జగదేవి మోకాలు

నా భార్య లీయా పోయేముందు కొన్ని నెలలపాటు నన్ను ఒకే ప్రశ్న అడిగింది.

"నేను మీకు గుడ చెప్పలే. మా అన్నకు చెప్పలే. డాక్టర్ మొహం గుడ చూడలే. మరి ఆయనకెట్ల తెలిసింది?"

ఆయన అంటే స్టాన్లీ. ప్రవక్త అని పేరు. మన్నాఏఖేళ్ళిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని స్వస్థత కూటాలు పెడతాడు. లీయా అతన్ని ఎన్నడూ చూడలేదు. మా బీదర్ ఊరి చివర నౌబాద్‌లో తాను సూపర్‌వైజరుగా పనిచేసే కుట్టు యూనిట్‌లో ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుండగా ఫోన్ వచ్చింది. అవతలి గొంతు తాను స్టాన్లీనని చెప్పి, ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఎడమ రొమ్ములో గడ్డ ఉన్నట్టు దేవుడు చూపించాడని చెప్పింది. ఆ సంగతి భర్తకు చెప్పకుండా దాచావని కూడా చెప్పింది. కత్తి ముట్టనీయవద్దని, గడ్డ దానంతట అదే కరిగిపోతుందని చెప్పి పెట్టేసింది.

ఆ సాయంత్రం లీయా గడ్డ సంగతీ, అది నయమవుతుందన్న సంగతీ రెండూ ఒకేసారి నాకు చెప్పింది. ఆమె ముఖంలో భయం లేదు. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. చెప్పవలసినవన్నీ చెప్పాను. బతిమాలాను. హుమ్నాబాద్ నుంచి వాళ్ళ అన్నను పిలిపించాను. ప్రతి వాదనా చివరికి ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. నా దగ్గర జవాబు లేదు. లీయా తెలివితక్కువది కాదు. బట్ట కొలతలో వేలెడు తేడా వచ్చినా పట్టుకునే మనిషి. తనకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియని మాటను ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చెప్పినప్పుడు, ఆమె చేసుకున్న నిర్ణయంలో తప్పు ఎక్కడుందో నేను చూపలేకపోయాను. ఆసుపత్రికి ఒప్పుకునే నాటికి ఆపరేషన్‌కు వేళ మించిపోయిందని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. వానాకాలంలో పోయింది.

ఇంతవరకే అయితే నేను రాసేవాడిని కాదు.

లీయా పోయాక జరిపే ప్రార్థన, ఆదరణ కూడిక, మా ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అయి, చాయ్ ఇచ్చి, అందరూ లేస్తుండగా భాగ్యజ్యోతి నా దగ్గరికి వచ్చింది. ఆమెది దుబల్గుండి ఊరు. లీయా కింద మిషన్ మీద పనిచేస్తుంది. భర్త నవనాథ్ గూడ్స్ ఆటో నడుపుతాడు. నౌబాద్‌లో అద్దెకుంటారు. ఆమెకు గుండెలో వాల్వ్ చెడిందని, హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారని లీయా ఆసుపత్రి మంచం మీద కూడా తలుచుకునేది.

"హైదరాబాద్ ఎప్పుడు పోతున్నరమ్మా?" అని అడిగాను.

"పోతలేం సార్. వద్దనుకున్న."

"ఎందుకు?"

"దేవుడు వద్దన్నడు." ఆమె గొంతు తగ్గించింది. ముఖంలో సంతోషం దాగడం లేదు. "ఫోన్ వచ్చింది సార్. లీయా అక్కకు వచ్చినట్టే. వాల్వ్ అని గుడ సరిగ్గ చెప్పిండు. మా ఆయనకు ఏమన్న అయితదేమో అని నాకు రాత్రి నిద్ర పడదు గదా, అది గుడ చెప్పిండు. నేను ఎవ్వరికి చెప్పలే. అక్క చెప్తె మీ చర్చి పేజీల రాసుకున్న, గంతే."

"ఏ పేజీ?"

అడిగింది నేను కాదు. పక్కన గ్లాసులు ఏరుతున్న షెకినా. లీయా అన్న కూతురు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఇతరుల వెబ్‌సైట్లలోకి వాళ్ళ అనుమతితోనే దొంగలా దూరి చూసి, ఎక్కడ దూరడానికి సందు ఉందో వాళ్ళకే రాసి ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆ పిల్ల ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగినప్పుడు లీయా "తాళాలు సరిచూస్తది" అనేది.

భాగ్యజ్యోతి తన ఫోన్ తీసి పేజీ చూపించింది. లాక్‌డౌన్‌లో చర్చి మూసి ఉన్నప్పుడు మా సంఘం వెబ్‌సైట్ పెట్టుకుంది. అందులో ప్రార్థన మనవుల పేజీ ఉంది. పేరు, ఫోన్ నంబరు, మనవి రాయాలి. కింద ఒక వాక్యం ఉంటుంది: మీ మనవి రహస్యంగా ఉంచబడును, పాస్టరుగారు మాత్రమే చదువుదురు. అంతకుముందు చీటీలు రాసి చర్చిలో చెక్క డబ్బాలో వేసేవాళ్ళం. మాది చిన్న సంఘం. ఎవరి చేతిరాత ఎవరిదో కమిటీలో అందరికీ తెలుసు. అందుకే చర్చి తెరిచాక కూడా ఆడవాళ్ళు చీటీలకు తిరిగి పోలేదు. పేజీలో చేతిరాత ఉండదు.

లీయా కూడా అక్కడే రాసుకుందని నాకు అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదని ఆమె నాతో అన్న మాట అబద్ధం కాదు. ప్రార్థన రాసుకోవడం ఒకరికి చెప్పడం కిందికి వస్తుందని మాలో ఎవరమూ అనుకోము.

అందరూ వెళ్ళాక షెకినా గ్లాసులు కింద పెట్టి కూర్చుంది. "మామా, ఫోన్ నంబర్లతో సహా రాస్తున్రు అండ్ల. నాకు మంచిగ అనిపిస్తలేదు."

"ఇప్పుడే చూడరాదా?"

"చూడొద్దు. పర్మిషన్ లేకుండ ముట్టుకుంటె ఆ దొంగకు, నాకు ఫరక్ ఏముంటది? రేపు కేసు మన మీదనే పెడ్తరు. అయ్యగారి సంతకం కావాలె."

అనుమతి పత్రం నేనే రాశాను. ఏ పేజీ, ఏ రోజు, ఎవరి ఎదుట పరీక్షించాలో రాశాను. ఇతరుల మనవి ఒక్కటి కూడా తెరవకూడదనీ, ఏదీ నకలు తీసుకోకూడదనీ, షెకినా స్వయంగా రాసిన మనవిని మాత్రమే బయటికి తీసి చూపాలనీ రాశాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వయసులో చిన్నవారు, మెత్తని మనిషి. రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

"సెక్రటరీగారికి ఒక మాట చెప్తె మంచిదేమో మాస్టర్," అన్నారు.

"చెప్పండి అయ్యగారూ."

ఆయన చెప్పలేదు. సెక్రటరీ డేనియల్‌గారికి అందరమూ కొంచెం భయపడతాం.

శనివారం బడి అయ్యాక చర్చి ఆఫీసు గదిలో ముగ్గురం కూర్చున్నాం. ముందుగా షెకినా ఒక దొంగ మనవి రాయాలంది. పేరు నేను చెప్పాను, జగదేవి అని. మా సంఘంలో ఆ పేరుగలవాళ్ళు లేరు. చిన్నప్పుడు కుడి మోకాలికి ఇనుప కడ్డీ వేశారు, ఇప్పుడు నొప్పి పెడుతోంది, కడ్డీ సంగతి అత్తగారికి తెలియదు అని షెకినా టైపు చేసింది. కొత్తగా తీసుకున్న ఒక సిమ్ నంబరు ఇచ్చింది.

అయ్యగారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. "ప్రార్థనల అబద్ధం రాయొచ్చా అమ్మా?"

"దేవునికి రాస్తలేను అయ్యగారు. డేటాబేస్‌కు రాస్తున్న."

"అయినా గానీ..."

"మీరు అసలే జాలిగుండెవాళ్ళు, ఈమె మోకాలి కోసం ఉపాసం ఉంటరేమో. ఉండకుండ్రి."

అయ్యగారు నవ్వారు. నేనూ నవ్వి ఉంటాను.

ఆ పేజీ కిందిభాగంలో నెరవేరిన ప్రార్థనలు వెతికే చిన్న పెట్టె ఉంది. అందులో పేరు కొడితే, వాళ్ళు అందరికీ చెప్పుకోవడానికి ఒప్పుకున్న సాక్ష్యాలు మాత్రం కనిపించాలి. షెకినా అందులో కొట్టింది పేరులాగే మొదలైంది. మధ్యలో ఒక గుర్తు దగ్గర తెగి, ఆ తర్వాత ఇంకేదో అయింది. ఒక మీట నొక్కింది. జగదేవి మోకాలు తెర మీదికి వచ్చింది. ఇనుప కడ్డీ, అత్తగారు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి.

"దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటరు," అంది షెకినా.

"సూదిమందు లెక్కనా?" అన్నారు అయ్యగారు.

"దగ్గర దగ్గర గంతే."

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మా బడిలో ఒక అటెండర్ ఉన్నాడనుకుందాం. హెడ్మాస్టరు సంతకం పెట్టిన ఖాళీ చీటీలు అతని దగ్గర ఉంటాయి. 'ఫలానావాణ్ణి ఇంటికి పంపు' అని. పేరు రాయవలసిన ఖాళీలో పిల్లవాడు తన పేరు రాస్తే అతన్ని పంపుతాడు. ఒకడు తన పేరు రాసి, దాని పక్కనే 'ఇంకా బడినంతా' అని రాశాడు. అటెండర్ ఆ ముక్క ఎవరు రాశారో చూడడు. సంతకం ఉంది కదా అని బడినంతా వదిలేస్తాడు. మా పేజీ వెనుక పనిచేసే ప్రోగ్రాం ఆ అటెండర్ లాంటిది. పెట్టెలో ఏది రాస్తే దాన్ని తీసుకుపోయి తన యజమాని ఆజ్ఞలో అతికించి చదువుతుంది.

"జగదేవి ఒక్కదాన్నే ఎందుకు చూపించింది?" అని అడిగాను.

"ఒక్కదాన్నే అడిగిన కాబట్టి. అందరిని అడిగితె అందరిని ఇచ్చేస్తది." కీబోర్డు మీంచి చేతులు తీసింది. "అత్తది గుడ ఉంటది మామా. నేను చూడలే."

"చూడకు."

లీయా రాసుకున్న ప్రార్థన నేను చదవడానికి రాసింది కాదు.

"బాగుచేయాల్నంటె మస్తు పని ఉంటదా?" అన్నారు అయ్యగారు.

"ఒక్క పూట పని. పెట్టెల ఏం రాసినా పేరు లెక్కనే సూడు, ఆర్డర్ లెక్క సూడకు అని ప్రోగ్రాంకు చెప్పాలె. ఇది కొత్త రోగం కాదు అయ్యగారు. ఎప్పటినుంచో మందున్న రోగం."

ఆ మాట ఆమె ఆలోచించి అనలేదు. నేను కిటికీ వైపు తిరిగాను.

చివరగా, వెబ్‌సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే చోటును అయ్యగారి చేతనే తెరిపించింది. ఆ చిన్న పెట్టెలోకి ఎవరో పేర్లు కాని పేర్లు చాలాసార్లు పంపి ఉన్నారు. అందులో మొదటిది లీయాకు ఫోన్ రావడానికి ముందుది. ఇటీవలిది కిందటి వారానిది. ఎవరు పంపారో దాన్నిబట్టి చెప్పలేమనీ, అది పోలీసులు తేల్చవలసిందనీ షెకినా అంది. దొంగతనం జరిగిందని మాత్రం తాను రాసి ఇస్తానంది.

సోమవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. డేనియల్‌గారు విద్యుత్ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైర్ అయినవారు. వచ్చే ఆదివారం సాయంత్రం మా చర్చిలోనే స్టాన్లీ కూటం పెట్టించింది ఆయనే. షెకినా ఇచ్చిన రిపోర్టు మొదటి పేజీ చూసి బల్ల మీద బోర్లా పెట్టారు.

"వెబ్‌సైట్ మీద తాళం గుర్తు ఉంటది. చూసిన్రా ఎవరన్న? తాళం ఉన్నంక ఇంక ఏం పరేషాని?"

"అది తొవ్వకు కాపలా అంకుల్," అంది షెకినా. "మీ ఫోన్ నుంచి వెబ్‌సైట్ దాక మాట భద్రంగ పోతది. ఇంట్లకు పోయినంక ఇంటోడే బయట పడేస్తే తాళం ఏం చేస్తది?"

"అంటె మన సంఘమే బయట పడేసింది అంటవు. బయటోళ్ళకు తెలిస్తె మన ఇజ్జత్ ఏమైతది? ఆ బ్రదర్ మీద దొంగ అని ముద్ర వేస్తున్నవా?"

"ఆయన పేరు నా రిపోర్ట్‌ల ఎక్కడ లేదు. ఎవరో తీస్తున్రు అంటున్న. ఈ పూటనే పేజీ మూసెయ్యుండ్రి, రాసినోళ్ళకు ఫోన్ చేసి చెప్పుండ్రి. గంతే."

"మూస్తె ఎందుకు మూసిన్రు అని అడుగుతరు."

"అడగనీయండి," అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నారు. "మాస్టర్, మీరు దుఃఖంల ఉన్నరు. మాకు అర్థమైతది. మనిషి దుఃఖంల ఉంటె ఎవరో ఒకరి మీద తప్పు వేయాలనిపిస్తది."

నా దుఃఖాన్ని నేను ఆ బల్ల మీద పెట్టలేదు. లీయా పేరు ఆ గదిలో నా నోట రాలేదు. నేను తీసుకుపోయింది భాగ్యజ్యోతి ఆపరేషన్ సంగతి. ఆమె గుండె ఆగకముందే ఆమెకు నిజం చెప్పాలని అడగడానికి పోయాను. చెప్పాను కూడా.

"ఆమె మన సంఘ సభ్యురాలా?" అన్నారు డేనియల్‌గారు.

"కాదు."

"మరి?"

నేను ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఒక్క మాట అంత క్రూరంగా ఉండగలదని నాకు తెలియదు. అయ్యగారు తన చేతివేళ్ళు చూసుకుంటున్నారు.

కమిటీ ఒక తీర్మానం రాసుకుంది. తమను అడగకుండా పాస్టరుగారు ఇచ్చిన అనుమతి చెల్లదు. ఇక మీదట వెబ్‌సైట్‌ను ఎవరూ ముట్టకూడదు. రిపోర్టు సంగతి బయట మాట్లాడకూడదు. పేజీ మాత్రం తెరిచే ఉంది.

షెకినా ల్యాప్‌టాప్ మూసింది. బయటికి వచ్చాక నేను అన్నాను, "భాగ్యజ్యోతి పేరు ఒక్కటి తీసి ఆమెకు చూపిస్తే నమ్ముతది గదా?"

"నమ్ముతది. కానీ ఇగ నేను ముట్టుకోను మామా. అనుమతి తీసేసిన్రు."

"ప్రాణం పోతదమ్మా."

"తెల్సు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముట్టుకుంటె నేను హ్యాకర్‌ను అయిత. ఇగ ఆ రిపోర్ట్‌ను ఎవ్వడు చదువడు. వాళ్ళకు గదే కావాలె." బస్సు ఎక్కేముందు కొత్త సిమ్ ఉన్న ఫోన్ నా చేతిలో పెట్టింది. "చార్జింగ్ పెట్టి ఉంచుండ్రి. కూటం దగ్గరికొచ్చింది. వాళ్ళు పేజీ మూయలే, జగదేవి ఇంక అండ్లనే ఉంది. ఆమెకు గుడ ఫోన్ రావొచ్చు."

మరునాడు భాగ్యజ్యోతి ఇంటికి పోయి, అటెండరు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, "కంప్యూటర్ సంగతి నాకెర్క లేదు సార్. ఆయన నా లోపలి మాట చెప్పిండు. ఎట్ల చెప్పిండంటరు?" అంది. మా ఇంట్లో విన్న ప్రశ్నే. ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది. అయినా ఆమెకు అది జవాబులా వినిపించలేదు.

గురువారం బడిలో ఉండగా జగదేవి ఫోన్ మోగింది. నేను ఎత్తలేదు. ఆ నంబరును, నా సంచిలోనే ఉంచుకున్న లీయా ఫోన్‌లోని నంబరుతో పోల్చి చూశాను. ఒకటే. హెడ్మాస్టరుకు చెప్పి నౌబాద్‌కు పోయాను.

నవనాథ్ వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. భాగ్యజ్యోతి లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాలుగడుగులు నడిచినా ఆయాసం వస్తోందంది.

"ఒక నంబరుకు ఫోన్ చేస్త. నువ్వు హలో అను చాలు. ఆ తర్వాత ఏం మాట్లాడకు. అబద్ధం చెప్పే పని లేదు."

"ఎవరికి సార్?"

"విను, నీకే తెలుస్తది."

జగదేవి ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి కలిపాను. ఆమె హలో అంది.

"జగదేవమ్మా? భయపడకు తల్లీ. నేను నిన్ను ఎరుగను. నిన్ను ఎరిగినోడు నాతో మాట్లాడిండు."

భాగ్యజ్యోతి నా ముఖం వైపు చూసింది. ఆ గొంతు ఆమెకు తెలుసు.

"నీ కుడి మోకాలు చూపిస్తుండమ్మా దేవుడు. లోపల ఇనుము కనవడ్తాంది నాకు. కడ్డీ. చిన్నతనంల వేసిన్రు. మీ అత్తకు గుడ తెల్వదు. ఔనా, కాదా? పలుకు తల్లీ... ఏడుస్తున్నవ్ గదా. నాకు కనవడ్తాంది. ఆ గోలీలు బంద్ చెయ్. ఇనుము గుడ కరుగుతది. ఆదివారం బీదర్ చర్చిల కూటం ఉంది..."

భాగ్యజ్యోతి ఏడవడం లేదు. చేయి చాచి ఫోన్ తనే కట్ చేసింది.

నవనాథ్ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "జగదేవి ఎవరు సార్?"

"ఎవరూ కాదు. మొన్న శనివారం మేం ముగ్గురం కూర్చుని ఆ పేజీల రాసినం. గట్లాంటి మనిషే లేదు."

"మోకాలు?"

"మోకాలు గుడ లేదు."

నవనాథ్ ఒక బూతు మాట అన్నాడు. తర్వాత "మాఫ్ చెయ్యుండ్రి సార్" అన్నాడు. నేను మాఫ్ చేయవలసింది ఏమీ లేదు.

భాగ్యజ్యోతి ఫోన్ నా చేతికి ఇచ్చింది. "ఏడుస్తున్నవ్ గదా తల్లీ అన్నడు. నాకు గుడ గట్లనే అన్నడు సార్. అప్పుడు నేను నిజంగనే ఏడుస్తుంటి."

"లీయాకు గుడ అన్నడట."

"అక్కకు ఇది తెల్సిందా?"

"లేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె గొంతు మారింది. "మీ చర్చోళ్ళకు తెల్సా?"

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"సోమవారం సంది."

"మరి నాకెందుకు చెప్పలే? మీరొక్కరే వచ్చిన్రు. వాళ్ళెందుకు రాలే?"

మెత్తని మాట వెతకవచ్చు. నేను వెతకలేదు. "నువ్వు సంఘ సభ్యురాలివి కాదన్నరు."

"రాయనీకె పనికొచ్చిన. చెప్పనీకె పనికిరానా?"

ఆ మాటను నేను తిరిగి కమిటీకి చేర్చాలనుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను కనుక చేరుతుంది. ఆమె నన్ను వెళ్ళమంది. ఆపరేషన్ సంగతి చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వబోయాను. వాళ్ళు మర్యాదగానే విన్నారు. బెదిరింపు ఫోన్ కాదు, డబ్బు పోలేదు, వెబ్‌సైట్ ఎవరిదో వాళ్ళు వచ్చి రాసివ్వాలి అన్నారు. అది వాళ్ళ తప్పు కాదు. అయ్యగారిని రమ్మన్నాను. కమిటీ తీర్మానం ఉంది మాస్టర్, అన్నారు.

శుక్రవారం పేజీ మాయమైంది. ఆ చోట, సాంకేతిక కారణాల వల్ల నిలిపివేయడమైనది అని ఒక వాక్యం ఉంది. స్టాన్లీ కూటం అనివార్య కారణాల వల్ల వాయిదా అని నోటీసు అంటించారు. నేను చెప్పిన జగదేవి ఫోన్ సంగతి అయ్యగారి ద్వారా కమిటీకి చేరిందన్నమాట. డేనియల్‌గారు ఫోన్ చేశారు.

"మీరు కోరినట్టే మూసినం మాస్టర్. ఇగ ఊకోండి."

"మందులు బంద్ చేసినోళ్ళు ఉంటరు. వాళ్ళకు ఎవరు చెప్తరు?"

"వాళ్ళ విశ్వాసం వాళ్ళది."

కారణాలు. రెండు నోటీసుల్లోనూ ఆ మాట ఉంది. కారణం ఏమిటో ఒక్కదానిలోనూ లేదు. నేను పిల్లల జవాబు పత్రాల్లో ఇటువంటి జవాబులకు సున్నా వేస్తాను.

ఆదివారం ఆరాధనలో రెండో పాట తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు ఎవరైనా లేచి మైకు దగ్గరికి రావచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు. లీయా చాలాసార్లు చెప్పేది. నేను ఎప్పుడూ లేవలేదు. ఆ రోజు లేచాను.

"మన పేజీల మీరు రాసుకున్న మనవులు బయటికి పోయినయ్," అన్నాను. "పేరు, ఫోన్ నంబరు, రోగం, ఇంట్లో గొడవ, అన్నీ. వాటిని చదివి ఒక మనిషి మీకు ఫోన్ చేస్తున్నడు. ఆయనకు ఎట్ల తెలిసిందని మీరు అడుగుతరు. మన పేజీ చెప్పింది. అందుకే తెలిసింది. గోలీలు బంద్ చేసినోళ్ళు..."

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడడానికి నేను తల తిప్పలేదు. నా ఉద్యోగమంతా మైకు లేకుండానే గడిచింది. చివరి బెంచీ వినేటట్టు మాట్లాడడం నాకు వచ్చు.

"...గోలీలు బంద్ చేసినోళ్ళు ఈ రోజే మళ్ళీ మింగుండ్రి. ఆపరేషన్ వద్దనుకున్నోళ్ళు రేపే ఆసుపత్రికి పోండి. కమిటీకి ఇది సోమవారమే తెలుసు."

"మాస్టర్, కూర్చోండి. ఇది సాక్ష్యం కాదు," అన్నారు డేనియల్‌గారు లేచి.

"చూసింది చెప్తున్న. సాక్ష్యం అంటె అదే గదా."

ముందు వరుసలో చాప మీద కూర్చున్న కృపమ్మ అనే ముసలామె తన కూతురిని మోచేత్తో పొడిచింది. "ఏమంటుండే? షుగర్ గోలీలు మింగుమంటుండా?"

"మింగుమంటుండమ్మా."

"మరి ఆ ఫోనాయన ఒద్దన్నడు గదనే!" అని ఆమె చెవుడు కనుక అందరికీ వినిపించేట్టు అన్నది.

ఆడవాళ్ళ వైపు కదలిక మొదలైంది. ఒకామె ఫోన్ తీసి పక్కామెకు నంబరు చూపించింది. పక్కామె తన ఫోన్ తీసింది. డేనియల్‌గారు పాట ఎత్తుకోమని చేయి ఊపారు. గాయకులు ఎత్తుకోలేదు. అయ్యగారు వేదిక దిగి వచ్చి, నా పక్కన నిలబడి, మైకు లేకుండానే, "ఇంకా ఎవరెవరికి వచ్చినయ్? చేతులెత్తుండ్రి," అన్నారు.

చేతులు లేచాయి. నేను లెక్కపెట్టలేదు. మగవాళ్ళ వైపు కూడా లేచాయి.

భాగ్యజ్యోతి నుంచి ఏ కబురూ లేదు. మంగళవారం విరామం గంటలో నవనాథ్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి.

"నిన్ననే తోల్కొచ్చిన సార్. ఆటోలనే తెచ్చిన. వాల్వ్ ఇంక ఖరాబైందంటున్రు. రేపు పొద్దుగాల ఆపరేషన్. జర కష్టమే గానీ చేస్తమన్నరు."

"మంచిది," అన్నాను.

"ఇంకొకటి సార్. పెద్ద డాక్టర్ మస్తు గుస్స అయితుండు. తేదీ ఇచ్చినంక ఎందుకు రాలే, చదువు లేదా మీకు, అని తిడ్తుండు. భాగ్య తల ఎత్తుతలేదు. దేవుడు వద్దన్నడని ఎట్ల చెప్పాలె? నవ్వుతడు. నేనేం చెప్పాలె సార్?"

"భాగ్యది తప్పు లేదని చెప్పు. ఆమె రహస్యంగ రాసుకున్నదాన్ని దాచుతమని మాట ఇచ్చినోళ్ళు దాచలేదని చెప్పు. దాచలేదని తెలిసి గుడ ఆమెకు చెప్పలేదని చెప్పు."

"ఎవరు అని అడుగుతడు గదా?"

"బీదర్‌ల మా సంఘం అని చెప్పు. పేరు గుడ చెప్పు. నమ్మకపోతే నా నంబరు ఇయ్యి. నేను మాట్లాడుత."

గంట కొట్టారు. పిల్లలు లోపలికి వస్తున్నారు. నేను ఫోన్ పెట్టేయలేదు. అవతల నవనాథ్ డాక్టరును పిలుస్తున్నాడు.